బొట్టు పెట్టిన లాప్‌టాప్

మా ముత్తాతగారు విజయనగరం వైపు మూడు ఊళ్ళకు ముఖాసాదారు. సంస్థానం వారు ఆయన తండ్రికి రాసిచ్చిన ఊళ్ళు అవి. శిస్తు ఆయనకే చేరేది. దసరా దర్బారులో ఆయనకు కుర్చీ వేసేవారు. చాలామంది జంబుఖానా మీద కూర్చునేవారు. మా తాతగారి నాటికి ముఖాసాలు పోయాయి, మర్యాద మాత్రం కొంతకాలం నిలిచింది. ఆయన వీధిలో నడుస్తుంటే మనుషులు చెప్పులు చేత పట్టుకుని పక్కకు తప్పుకునేవారట. మా నాన్నగారు భిలాయి వచ్చి ఉక్కు కర్మాగారంలో స్టోర్సు గుమస్తాగా చేరారు. సెక్టారులో మా క్వార్టరుకి వచ్చిన ప్రతి మనిషీ, కాఫీ తాగి లేచేలోపు, ఆ మూడు ఊళ్ళ పేర్లూ విని వెళ్ళేవాడు. నేను అదే కర్మాగారంలో డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు భిలాయిలోనే, కోహ్కాలో ఉంటున్నాము. కింద రెండు గదులు, పైన డాబా.

ఈ సంగతులు ముందే చెప్పడానికి కారణం ఉంది. మా ఇంట్లో కొన్న వస్తువును తిరిగి ఇవ్వడం అనేది లేదు.

మా నాయనమ్మ కాలంలో ఆడవాళ్ళు బజారుకి వెళ్ళేవారు కారు. బట్టల వర్తకుడే మూటలు కట్టుకుని ఇంటికి వచ్చేవాడు. నడవలో తెల్లటి దుప్పటి పరిచి చీరలన్నీ దాని మీద విప్పేవాడు. నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి అన్నిటినీ చూసేది. నచ్చిన దాన్ని వంగి చేత్తో తాకేది. అంతే, ఆ చీర మాది అయిపోయినట్టే. చెయ్యి పడ్డ బట్ట మళ్ళీ మూటలోకి వెళ్ళకూడదని ఆవిడ నియమం. ఒకసారి అలా తాకిన చీరకు లోపలి మడతలో నేత తప్పిందట. వర్తకుడే సిగ్గుపడి తీసుకుపోతానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ చీరను చిరిగేదాకా ఇంట్లో కట్టుకుంది.

నాన్నగారు ఆ నియమాన్ని భిలాయి తెచ్చారు. ఒక చలికాలం పవర్ హౌస్ మార్కెట్టులో ఆయన నీలం రంగు స్వెటర్ కొన్నారు. ఇంటికి వచ్చి తొడుక్కుంటే చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. మార్చుకు రమ్మని అమ్మ అంది. ఆయన విననట్టే ఊరుకుని చేతులు రెండు మడతలు పెట్టుకున్నారు. ఆ స్వెటర్ ఉన్నంతకాలం ఆ మడతలు ఉన్నాయి. వాపసు అనే మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. ఎవరైనా పట్టుకెళ్ళిన పుస్తకం తిరిగి తెచ్చి ఇచ్చినా ‘చేరింది’ అనేవారు.

ఇక లాప్‌టాప్ విషయం.

మా అమ్మాయి పెళ్ళి ఫోటోలకు రంగులు దిద్దుతుంది. ఫోటోగ్రాఫర్లు తీసినవాటిలో కొన్ని పచ్చగా, కొన్ని నీలంగా వస్తాయి; అన్నిటినీ ఒక తీరుకు తెచ్చి ఆల్బమ్ పేజీలుగా పేర్చడం ఆమె పని. సుపేలాలో ఒక స్టూడియోలో నేర్చుకుంది. స్టూడియో నడిపే ఆవిడను అందరూ దీదీ అంటారు. అక్కడ కంప్యూటర్లు తక్కువ, కూర్చునేవాళ్ళు ఎక్కువ. ‘నీకంటూ ఒక లాప్‌టాప్ ఉంటే ఈ సీజన్ ఆల్బమ్‌లు ఇంటి దగ్గరే చెయ్యి, నీ పేరునే ఇస్తాను’ అని దీదీ ఆమెకు మాట ఇచ్చింది. అమ్మాయికి ఇది మొదటి సొంత పని. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినకుండా అరగంట మాట్లాడింది.

లాప్‌టాప్ నేనే కొన్నాను. అమ్మాయిని వెంట తీసుకువెళ్ళలేదు. తండ్రి కొనిపెట్టేటప్పుడు కూతురు పక్కన నిలబడి ఇది కాదు అది అనడం నాకు నచ్చదు. సుపేలాలో పెద్ద రోడ్డు మీద ఒక దుకాణం ఉంది. యజమాని మనవాడే, తండ్రిది శ్రీకాకుళం వైపు, ఇతను ఇక్కడే పుట్టాడు. ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత అని అడిగాను. అన్నీ బాగానే చెప్పాడు. బల్ల మీద ఆ మోడల్ విప్పి లేదు, డబ్బాయే ఉంది.

“సీలు విప్పి ఆన్ చేసి చూపించమంటారా అంకుల్?” అన్నాడు.

“అక్కర్లేదు.”

“చూసుకుంటే మంచిది కదా. మళ్ళీ ఏటైనా అంటే...”

“ఏమీ అనను,” అన్నాను. ఎదుటి మనిషి ఇచ్చిన వస్తువును అతని ముందే విప్పి తడిమి చూడడం అతన్ని అనుమానించినట్టే. నేను అలా పెరిగాను. డబ్బా చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇంట్లో మా ఆవిడ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది. భిలాయిలో ఎవరికీ ఇది వింతగా తోచదు. విశ్వకర్మ పూజ నాడు ఇక్కడ క్రేన్లకూ లేత్ మిషన్లకూ బొట్లు పెడతారు. మా డ్రాయింగ్ ఆఫీసులో నక్షాలు గీసే ప్లాటరుకు కూడా ఏటా పెట్టేవాళ్ళం. మా ఆవిడ పసుపు తడిపి, వెండి రంగులో మెరుస్తున్న మూత మీద వేలితో స్వస్తిక్ వేసింది. మధ్యలో కుంకుమ దిద్దింది.

“అమ్మా, కనీసం కవర్ తొడిగాక దానిమీద పెట్టు!” అని అమ్మాయి అరిచింది.

“బొట్టు మిషనుకి పెడతారు గాని కవరుకి పెడతారేటి?” అంది మా ఆవిడ. నేనూ అదే అన్నాను.

హారతి అయ్యాక అమ్మాయి మూత తెరిచింది. కాసేపు ఏవో నొక్కింది. తర్వాత ఒక పెళ్ళికూతురి ఫోటో తెరిచి, తల ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంచి చూసింది. సంతోషంగా ఏదో అంటుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె ఫోన్ తీసి అదే ఫోటో అందులో తెరిచి పక్కన పెట్టింది.

“నాన్నా, ఇలా రండి. ఈ లెహంగా ఏ రంగు?”

“ఎరుపు.”

“ఫోన్లో ఎరుపు. ఇందులో?”

ఇందులో ఇటుక రంగు. ఎండలో చాలా రోజులు ఆరేసిన ఇటుక. పెళ్ళికూతురి చేతులకు రాసిన పసుపు నిమ్మకాయ రసంలా పలచగా ఉంది. అమ్మాయి తెరను కాస్త వెనక్కి వాల్చింది, ఫోటోలో పక్కనున్న అందరి ముఖాలూ బూడిద రంగుకు తిరిగాయి. ముందుకు లాగింది, పెళ్ళికొడుకు జుట్టూ నల్లకోటూ ఒకటైపోయాయి.

“కొత్తది కదమ్మా. కళ్ళకు అలవాటవ్వాలి,” అన్నాను.

“కళ్ళకి కాదు నాన్నా, స్క్రీనే అంత. సస్తా ప్యానెల్ వేశారు, చవకరకం. మత్లబ్, దీనికి ఎరుపు చూపించడమే రాదు. లేని ఎరుపుని నేను ఎలా దిద్దాలి?”

నాకు ఆ తెరలో అక్షరాలు చక్కగానే కనిపించాయి. నేను జీవితమంతా తెల్లకాగితం మీద నల్లగీతలు చూసినవాణ్ణి. కాంతి పెంచి చూడమన్నాను. పెంచింది. అన్నీ తెల్లబోయాయి. కిటికీ మూయమన్నాను. మూసింది. ఏమీ మారలేదు.

అయినా అమ్మాయి పని మొదలుపెట్టింది. తెర మీద ఎర్రగా కనిపించేదాకా ఎరుపు పెంచి, కొన్ని పేజీలు స్టూడియోకి పంపింది. దీదీ వాటిని నమూనాగా అచ్చు వేయించి చూసుకుంది. మర్నాడు ఫోన్ చేసింది. అమ్మాయి స్పీకర్ నొక్కింది. నేను పేపర్ చదువుతూ పక్కనే ఉన్నాను.

“బేటా, దుల్హన్ కో క్యా హువా? బుఖార్ హై క్యా?”

పెళ్ళికూతురికి జ్వరమా అని అడుగుతోంది. అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. అచ్చులో పెళ్ళివారందరూ ఫర్నేస్ ముందు నిలబడినట్టు ఎర్రగా కాలిపోయి వచ్చారట. తప్పు స్క్రీన్‌ది అని అమ్మాయి చెప్పింది. అలాగైతే స్క్రీన్ మార్చుకో అంది దీదీ. ఆదివారం లోపు సరైన పేజీలు రాకపోతే ఈ ఆల్బమ్ వేరే అమ్మాయికి ఇచ్చేస్తాననీ, తన దగ్గర కుర్చీ ఖాళీ అయినప్పుడు మళ్ళీ పిలుస్తాననీ అంది. తిట్టలేదు. పెళ్ళివాళ్ళు తొందరపెడుతున్నారని చెప్పి పెట్టేసింది.

ఆ పూట భోజనాల దగ్గర అమ్మాయి నేరుగా అడిగింది.

“నాన్నా, వారం లోపు ఐతే దుకాణం వాడు తీసుకుంటాడు. బిల్లు మీదే రాసి ఉంది. వాపస్ చేసేద్దాం.”

“మన ఇంట్లో ఆ పద్ధతి లేదు.”

“పద్ధతి ఏటండీ,” అంది మా ఆవిడ. “అది బట్టా, బంగారమా? ఒట్టి మిషను. పని చెయ్యని మిషను ఇంట్లో ఎందుకు?”

“పనిచేస్తోంది. రంగు ఒకటి తక్కువ.”

“దాని పనే రంగు కదండీ! రంగు తక్కువైతే ఇంక దానికి మిగిలిందేటి, గంట కొట్టడమా?”

అమ్మాయి పళ్ళెంలో వేలితో గీతలు గీస్తోంది. తల ఎత్తకుండా అంది:

“ఊళ్ళు అమ్మేశారు. ఇల్లు అమ్మేశారు. ముత్తాతగారి కుర్చీ కూడా ఎవరికో అమ్మేశారని మీరే చెప్పారు. అమ్మితే ఇజ్జత్ పోలేదు, వాపస్ ఇస్తే పోతాదా?”

 ఆ కుర్చీని అమ్మింది మా పెదనాన్నగారు. ఎవరికో కాదు, పక్క ఊరి కాంట్రాక్టరుకి. ఊళ్ళు అమ్మలేదు, ప్రభుత్వం తీసుకుంది. ఇవన్నీ చెప్పవచ్చు. చెప్పి ఏం లాభమని చేయి కడుక్కుని లేచాను. అమ్మడం వేరు. అమ్మినప్పుడు ఎదుటివాడు మన ఇంటికి వస్తాడు, మన నడవలో కూర్చుంటాడు, మనం సరే అనేదాకా ఎదురుచూస్తాడు. తిరిగి ఇవ్వడానికి మనమే సంచి పట్టుకుని అతని మెట్లు ఎక్కాలి, పొరపడ్డానని చెప్పాలి. ఈ తేడా నాకు స్పష్టంగా ఉంది. ఇప్పటికీ ఉంది.

రెండు రోజులు ఆ మాట మళ్ళీ ఇంట్లో రాలేదు. అమ్మాయి పని చేసుకుపోతోంది. ఎలా చేస్తోందో నేను గమనించాను. ఒక్కో ఫోటో దిద్ది తన ఫోనుకు పంపుకుంటుంది. అందులో చూసి, ఎరుపు ఎక్కువైతే తగ్గించి, మళ్ళీ పంపుకుంటుంది. తల కదిలితే రంగు మారిపోతుంది కాబట్టి, లాప్‌టాప్ కింద పీట వేసి, కుర్చీలో దిండు పెట్టుకుని, మెడ ఒకే చోట బిగబట్టి కూర్చుంటుంది. పీట చాలక దాని కింద నా పాత డ్రాయింగ్ బోర్డు ముక్క దోపింది. మధ్యలో లేచి మెడ రుద్దుకుంటుంది, మళ్ళీ అదే కొలతలో కూర్చుంటుంది. ఒక పూటకు ఒక పేజీ కూడా తెమలడం లేదు.

“ఇలా అయితే ఆదివారానికి అవుతుందా?” అని అడిగాను.

“అవ్వదు. చల్తా హై నాన్నా. సర్దుకుంటాను.”

కోపంగా అనలేదు. నా మీద నిష్ఠూరం కూడా లేదు ఆ గొంతులో. ఆ పని చేజారడానికి ఆమె అప్పటికే సిద్ధపడిపోయింది. మా ఇంటి మనిషి కదా, నాకు తెలుస్తుంది. మా నాన్నగారి స్వెటర్ మడతల్లో నాకు చిన్నప్పటి నుంచీ ఒక హుందాతనం కనిపించేది. బిగబట్టిన ఆ మెడలో నాకు అది కనిపించలేదు. నాన్నగారు తన స్వెటర్ తానే కొనుక్కున్నారు, దాని మడతలు తానే మోశారు. ఇక్కడ సీలు విప్పవద్దన్నది నేను.

“డబ్బా ఎక్కడుంది?” అని మా ఆవిడను అడిగాను. ఆవిడ మంచం కిందినుంచి తీసింది. థర్మాకోల్ ముక్కలు కూడా పారేయలేదు. నేను ఎప్పటికైనా అడుగుతానని దాచిందట.

అప్పుడు బొట్టు గుర్తుకొచ్చింది.

కుంకుమ తడిగుడ్డకు వచ్చేసింది. పసుపు రాలేదు. స్వస్తిక్ అలాగే లేతగా నిలిచింది. సబ్బు పెట్టి తుడిచాము. అమ్మాయి శానిటైజర్ దూదికి అద్ది రుద్దింది, కొంత తగ్గింది. పసుపు మరక ఎండకు పోతుందని, బట్టలకు అలాగే చేస్తామని మా ఆవిడ లాప్‌టాప్‌ను డాబా మీదికి తీసుకువెళ్ళి, వడియాల పక్కన చాప మీద మూత తెరిచి, మరక ఎండ వైపు ఉండేలా పెట్టింది. కరెంటు వస్తువును ఎండలో పెట్టడమేమిటని నేను కేకలు వేశాను.

“మూతకి ఎండ తగిలితే చాలు. లోపలికి గొడుగు పట్టాను కదా, చూడండి,” అంది. నిజంగానే గొడుగు అడ్డం పెట్టింది. పక్క డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఛత్తీస్‌గఢీ ఆవిడ అది చూసి, లాప్‌టాప్‌తో కూడా పచ్చడి పెడతారా అక్కా అని హిందీలో అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

సాయంత్రానికి మరక చాలా మటుకు వెలిసింది. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే మాత్రం తెలుస్తుంది. మూత కీలు దగ్గర సందులో పసుపు గీత ఒకటి మిగిలిపోయింది. పుల్లతో గీకినా రాలేదు.

మర్నాడు అమ్మాయీ నేనూ సుపేలా వెళ్ళాము. ఆటోలో నేను చెప్పవలసిన వాక్యాన్ని మనసులో సరిచేసుకున్నాను. తెలుగులో ఎలా మొదలుపెట్టినా అది బతిమాలుతున్నట్టే వినిపించింది. దుకాణంలో యజమాని లేచి నమస్తే అంకుల్ అన్నాడు. నేను డబ్బా బల్ల మీద పెట్టి, “వాపస్ కర్నా హై,” అన్నాను. తెలుగువాడితో హిందీలో అన్నాను. పరాయి మాటలో అది కాస్త తేలిగ్గా బయటికి వచ్చింది.

అతను కూడా హిందీలోనే అందుకోబోయి, మళ్ళీ తెలుగులోకి వచ్చాడు.

“ఏటైంది అంకుల్? ఆన్ అవ్వట్లేదా?”

“అవుతోంది. స్క్రీన్ బాగోలేదు. అమ్మాయి పనికి రంగులు కావాలి. అందులో రంగుల్లేవు.”

“ఆ రోజే విప్పి చూపిస్తానన్నాను కదా అంకుల్.”

“అన్నావు. నేను వద్దన్నాను.”

 అతను లాప్‌టాప్ బయటికి తీసి, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పాడు. కీలు దగ్గర ఆగాడు. మూత మీద వేలితో రాసి చూశాడు.

“పూజ చేసేశారా?”

“చేశాము,” అంది అమ్మాయి.

“అయ్యో. చెల్లీ, కంపెనీవాళ్ళు గీత పడితేనే తీసుకోరు. ఇది స్వస్తిక్. ఫోటో తీసి పంపాలి నేను. ఏటని రాయను, లక్ష్మీదేవిని తిప్పి పంపుతున్నామనా?” తనే నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. “బొట్టు పెట్టకపోతే కళ్ళు మూసుకుని తీసుకునేవాణ్ణి అంకుల్. నిజం. మీరు అడగకముందే తీసుకునేవాణ్ణి.”

అతను చెప్పింది న్యాయమే.  డబ్బా మూసి లేచి రావడానికే నా చేతులు వెళ్ళాయి. అమ్మాయి నా కన్నా ముందు డబ్బా మీద చెయ్యి వేసింది.

“భయ్యా, పక్క షట్టర్ కూడా మీదే కదా? పాతవి కొంటారు కదా అక్కడ?”

“కొంటాం. కాని కొత్తదాన్ని పాతది కింద రాస్తే మీకే నష్టం.”

ఆమె నా వైపు చూసింది. నిర్ణయం నాదేనన్నట్టు ఆగింది. ఆమె నన్ను అడిగింది. కొనేటప్పుడు నేను ఆమెను అడగలేదు.

“రాసుకో,” అన్నాను.

తర్వాత అమ్మాయి దుకాణంలో ఉన్న లాప్‌టాప్‌లన్నీ విప్పించింది. నేను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. డబ్బాలన్నిటి సీళ్ళు విప్పుతుంటే నాకు ఇబ్బందిగానే ఉంది. ఒక్కొక్కదానిలో తన పెన్‌డ్రైవ్‌లోని ఆ పెళ్ళికూతురి ఫోటో తెరిచి, తల వంచి చూసి, పక్కన పెట్టింది. నాలుగో దాని దగ్గర నన్ను పిలిచింది. అందులో లెహంగా ఎరుపు. వెనక్కి వాల్చినా ఎరుపే. పెళ్ళికూతురి చెంపకు అంటిన పసుపు కూడా కనిపించింది. నేను దాన్ని అంతవరకూ చూడలేదు. తెరకు దగ్గరగా వంగి మరి కాసేపు చూశాను. అద్దె తక్కువని కమ్యూనిటీ హాల్లో చేసిన పెళ్ళిలాగుంది, వెనుక గోడకు పెచ్చులు ఊడి ఉన్నాయి. అవీ కనిపించాయి.

“ఇది,” అంది.

తేడా కట్టాను. ఈసారి ఇంట్లో మా ఆవిడ పసుపు గిన్నె తెస్తే, ఆదివారం దాటనివ్వమని అమ్మాయి బతిమాలుకుంది. మా ఆవిడ డబ్బాకి బొట్టు పెట్టి ఊరుకుంది. పేజీలు శనివారం రాత్రికే స్టూడియోకి చేరాయి. దీదీ అచ్చు చూసి, బుఖార్ దిగిందని ఫోన్ చేసింది. ఈ సీజన్‌లో అమ్మాయి చేతిలో ఇంకో రెండు ఆల్బమ్‌లు ఉన్నాయి.

మొదటి లాప్‌టాప్‌ను ఆ దుకాణానికే సెకండ్ హ్యాండ్ కింద అమ్మేశాము.